వయసుకు తగిన ఫ్యూజు

సూర్యుడు అందరికీ ఒకేలా కాస్తాడన్నది పెద్దల మీద గౌరవం లేనివాళ్ళు పుట్టించిన వదంతి. ఒరుక్‌తూ గ్రామ సౌర పంపు సంఘం తన మొట్టమొదటి సమావేశంలోనే ఈ పొరపాటును సవరించి, ఎండను వయసుల వారీగా కాయించే ఏర్పాటు చేసింది. ప్రపంచంలో మరే పంపుకూ ఇంతటి భాగ్యం దక్కినట్టు ఇప్పటివరకు సమాచారం లేదు (దక్కి ఉంటే ఆ ఊరివాళ్ళు బయటికి చెప్పుకునే స్థితిలో ఉండరు).

ఒరుక్‌తూలో కాలువ లోయలో పారుతుంది, ఖుబానీ పళ్ళ తోటలు రాతిగుట్ట మీద ఉంటాయి. నీళ్ళు పైకి ఎక్కనంటాయి, తోటలు కిందికి దిగనంటాయి. తాతల నాటి ఈ తగాదా తీర్చడానికి ఆరిళ్ళవాళ్ళు కలిసి ఒక పంపు తెచ్చుకున్నారు. ఇంటికి రెండు సోలార్ ప్యానెళ్ళు. ఆ రెండింటినీ కలిపితే ఒక వరుస. ఆరిళ్ళ ఆరు వరుసల తీగలూ వచ్చి ఒక రేకుపెట్టెలో పక్కపక్కన కలుస్తాయి. అక్కడినుంచి ఒక లావుపాటి తీగ పంపుకు పోతుంది. పెట్టెలో ఒక్కో వరుసకు ఒక్కో ఫ్యూజు ఉంటుంది.

ఆ ఫ్యూజు ఎందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. అలా పక్కపక్కన కలిపిన ఆరింటిలో ఒక వరుస చెడిపోయిందనుకోండి, మిగతా ఐదూ పంపు సంగతి మరిచిపోయి తమ కరెంటంతా చెడిపోయిన దానిలోకే పోస్తాయి (దగ్గరి బంధువుల పద్ధతి కూడా ఇదే). అంత కరెంటు మీద పడితే ఆ వరుస కాలిపోతుంది. కాలకముందే తెగిపోవడం ఫ్యూజు ఉద్యోగం. మరీ చిన్నదైతే మామూలు ఎండకే తెగి కూచుంటుంది. మరీ పెద్దదైతే కొంప అంటుకున్నా కదలదు. ఎంతది వెయ్యాలన్నది కూడా రహస్యమేమీ కాదు. ప్యానెల్ చేసినవాళ్ళే వెనకవైపు ఒక చీటీ అంటించి, ఇంతకు మించి వెయ్యకండి నాయనలారా అని అంకె వేసి పంపారు. ఆ అంకె పదిహేను ఆంపియర్లు.

"వెనకాల రాసిన మాట కూడా ఒక మాటేనా?" అన్నాడు మామసాలీ. తెల్లగడ్డం వచ్చినందుకు ఊరంతా ఆయన్ను అక్సకల్ అని పిలుస్తుంది. ఎవరి తోటకు ఎప్పుడు నీళ్ళో చెప్పేదీ ఆయనే. "మర్యాద ఉన్నవాడు ఏదైనా ముఖానే చెబుతాడు. వెనక చెప్పేవాళ్ళ మాట మనింట్లో ఎప్పుడన్నా విన్నామా?"

సభ ఒప్పుకుంది. అదీగాక సభ అప్పుడు ఆకలి మీద ఉంది. పంపు ప్రారంభోత్సవానికి గొర్రెను కోశారు. ఒరుక్‌తూలో గొర్రెను కొయ్యడం చిన్న పని, పంచడం పెద్ద పని. తుంటి ఎముక అందరికంటే పెద్దవాడికి, తొడ ఎముక ఆ తర్వాతివాడికి, అలా దిగుతూ దిగుతూ చివరి కుర్రకారుకు మెడముక్కలు. ఎవరి వయసుకు తగ్గ ఎముక వాళ్ళది. ఒక ఎముక చేతులు మారిందంటే రెండు తరాలు మాటలుండవు. ఆ రోజు మాంసం పళ్ళెం పక్కనే ఒక గిన్నెలో ఫ్యూజులు కూడా ఉన్నాయి. ఏది కావాలో ఎందుకైనా మంచిదని బజారులో రకానికొకటి ఏరుకొచ్చారు, పెళ్ళికి మిఠాయిలు తెచ్చినట్టు.

మామసాలీ ఎముకలు పంచాడు. పంచి, జిడ్డుచేతులు తుడుచుకుని, అదే ఊపులో ఫ్యూజులు కూడా పంచాడు. తనకు ముప్పై. తన తర్వాతి ఇంటికి ఇరవై ఐదు. ఆ తర్వాత ఇరవై. నాలుగో ఇంటికి పదిహేను పడింది (సరైన ఫ్యూజు దక్కినందుకు ఆ ఇంటివాళ్ళు చాలాకాలం చిన్నబుచ్చుకున్నారు). ఐదో ఇంటికి పది. చివరికి గిన్నె అడుగున మిగిలిన ఆరు జిపార్‌ ముందు పెట్టాడు.

జిపార్ ఆరో ఇంటి కోడలు. మొగుడు ఊరి గొర్రెలను తోలుకుని ఎండాకాలమంతా కొండమీది పచ్చికలో ఉంటాడు కాబట్టి ఇంటి తరఫున మాట్లాడే పని ఆమెది. ప్యానెళ్ళు యువ కుటుంబాల పథకంలో ఆమె పేరు మీదే వచ్చాయి. సంఘంలో అందరికంటే చిన్న వయసు కూడా ఆమెదే.

"అక్సకల్, నావీ మీవీ ఒకే లారీలో దిగిన ప్యానెళ్ళు కదా," అంది జిపార్. "నా వరుస తొమ్మిది ఇస్తుంది, మీ వరుసా తొమ్మిదే ఇస్తుంది. ఆరు ఎలా ఆగుతుంది?"

"లారీలో ఒకటిగా రావచ్చు తల్లీ. మనమూ ఒకే బస్సులో వస్తాం. దిగాక ఎవరి చోటు వాళ్ళది కాదూ?"

"మరి తెగిపోతే?"

"చిన్నవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి. ఫ్యూజుకైనా అంతే."

ఫ్యూజు ఓర్చుకోలేదు. మర్నాడు పొద్దున టీ తాగి కప్పు బోర్లించేలోపే తెగింది. అంతదే ఇంకొకటి తెచ్చి వేస్తే అదీ తెగింది. ఇక్కడ సంఘం నిబంధన ఒకటి చెప్పుకోవాలి. ఏ ఇంటి ఫ్యూజు ఆ పూట నిలబడి ఉంటుందో ఆ ఇంటికే నీటి వంతు. ఎండ ఇవ్వనివాళ్ళకు నీళ్ళెందుకు ఇవ్వాలన్నది దాని తాత్పర్యం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అసలు అన్యాయమైన నిబంధన ఏదీ వినడానికి అన్యాయంగా ఉండదు.

జిపార్‌కు గుట్ట చివర, అందరి తోటలూ దాటాక, ఒక రాళ్ళచెక్క ఉంది. గడ్డపారతో రాయిని పొడిచి పొడిచి, లోయలోంచి గంపలతో మట్టి మోసి గుంతలు నింపి, తన పుట్టింటి చెట్టునుంచి తెచ్చిన కొమ్మలను ఆమె స్వయంగా అంటు కట్టింది. అవి నాటి ఇది రెండో వేసవి. ఈ వేసవి గట్టెక్కితే వేళ్ళు రాతి పగుళ్ళలోకి దిగి తమ బతుకు తాము బతుకుతాయి. గట్టెక్కకపోతే ఆ పుట్టింటి చెట్టు కూడా ఇప్పుడు లేదు, మళ్ళీ కొమ్మలు తేవడానికి. ఆకులు అప్పటికే అంచుల దగ్గర ముడుచుకుంటున్నాయి.

"ఊళ్ళో న్యాయం దొరక్కపోతే ఆఫీసుకు పో," అంది ఇరుగమ్మ. ఆమె ఎప్పుడూ ఆఫీసుకు పోలేదు కాబట్టి ఆ మాట ధైర్యంగా అనగలిగింది.

జిల్లా కేంద్రంలో, ఇలా పక్కపక్కన కలిపిన ప్యానెళ్ళ కోసం, సమాంతర కరెంటు పర్యవేక్షణ కార్యాలయం ఉంది. వరుసగా కలిపిన ప్యానెళ్ళకు వేరే భవనం. అక్కడ జనం ఒకరి వెనక ఒకరు నిలబడతారు. సమాంతర కార్యాలయంలో మాత్రం మూడు కిటికీలు పక్కపక్కన ఉంటాయి, ఏ కిటికీకైనా పోవచ్చు. ముందుగా ఫోనులో 'మీ వంతు' అనే యాప్ తెరిచి అంకె తీసుకోవాలి. ఫోను చార్జింగు ఉండాలి. చార్జింగు కావాలంటే ఇంటి వరుస పనిచెయ్యాలి. ఇంటి వరుస పనిచెయ్యనివాళ్ళ కోసమే ఆ కార్యాలయం కాబట్టి అక్కడ రద్దీ ఎప్పుడూ ఉండదు. ఈ ఘనతకు గాను కార్యాలయానికి గోడమీద ఒక ప్రశంసాపత్రం కూడా ఉంది.

జిపార్ ఫోనును బస్సు డ్రైవరు దగ్గర బతిమాలి చార్జింగు పెట్టుకుని, మొదటి కిటికీకి పోయింది. అక్కడున్నావిడ దరఖాస్తు తీసుకుని, చదివి, రెండో కిటికీకి జరిపింది. రెండో కిటికీ మూసి ఉంది.

"ఆయన ఎప్పుడొస్తాడు?"

"వసంతకాలంలో చుట్టాల పెళ్ళికని వెళ్ళాడు."

"మరి మూడో కిటికీకి ఇవ్వనా?"

"ఇవ్వు. ఆయనా రెండుకే పంపుతాడు."

లోపలినుంచి తాబల్దీ వచ్చాడు. ఈయన ముఖ్య నిపుణుడు. ముఖ్యం కాని నిపుణులు ఆ కార్యాలయంలో లేరు. ఆయన ఎంతో ఓపికగా విషయం విడమరిచాడు. "చూడు చెల్లెమ్మా, మా కిటికీలు కూడా సమాంతరంగానే కలిపారు. పనిచేసే కిటికీల్లో పని పోగుపడితే, ఖాళీగా ఉన్న కిటికీలోకి దానంతటదే పారుతుంది. రెండో కిటికీ ఎప్పుడూ ఖాళీయే. అంచేత అన్నీ అందులోకే పోతాయి."

"మధ్యలో ఫ్యూజు పెట్టుకోలేకపోయారా?" అంది జిపార్.

"అడిగాం. ఆ ఫైలు కూడా రెండోదానిలోనే ఉంది."

అయినా తాబల్దీ మంచివాడు. రాళ్ళగుట్టనుంచి ఇంతదూరం వచ్చిందని జాలిపడి, అక్కడే నిలబడి లెక్క కట్టాడు. వరుస ఇచ్చే కరెంటు తొమ్మిది చిల్లర. మబ్బు అంచున ఎండ విరుచుకుపడే వేళ ఉంటుంది కాబట్టి అందులో సగం పైన కలిపాడు. పద్నాలుగు చిల్లర వచ్చింది. బజారులో దానికి పైన దొరికేది పదిహేను. ప్యానెల్ వెనక ఉన్నదీ పదిహేనే.

"రెండూ కలిశాయి!" అన్నాడు తాబల్దీ, తన ఉద్యోగ జీవితంలో మొదటిసారి అలా జరిగినట్టు. "నీకు కావలసింది పదిహేను."

"ఆ మాట ఒక కాగితం మీద రాసి ఇవ్వండన్నా."

"ఇస్తే అది ఆమోదం అవుతుంది. ఆమోదం రెండో కిటికీ పని. నేను నీకు చెప్పింది నిజం మాత్రమే."

ఆ నిజాన్ని మూటగట్టుకుని జిపార్ బజారుకు పోయింది. పదిహేను అడిగితే కొట్టు నడిపే ఆవిడ ఎగాదిగా చూసింది. "ఒరుక్‌తూనా? మీ ఊళ్ళో ఫ్యూజులు వయసును బట్టి ఇస్తారటగా. విడిగా వచ్చి పదిహేను అడిగింది నువ్వే మొదలు. పెద్దవాళ్ళెవరైనా పోయి నీ వంతు పెరిగిందా?" జిపార్ ఫ్యూజును తలగుడ్డ కొసలో ముడేసుకుని ఊరికొచ్చి, ఎవరితోనూ చెప్పకుండా పెట్టెలో పెట్టేసింది.

పదిహేను నిలబడింది. పొద్దెక్కినా నిలబడింది. నీటి వంతు రాగానే తన రాళ్ళచెక్కకు నీళ్ళు మళ్ళించి, గుంతల్లో మట్టి గుటకలేస్తూ తాగుతుంటే జిపార్ అక్కడే కూలబడి చాలాసేపు చూసింది. ఇంత చిన్న గాజుముక్క కోసమా ఇంత యాతన అని ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

కానీ మిట్టమధ్యాహ్నం దాకా ఆమె ఫ్యూజు తెగకపోవడం మామసాలీకి అనుమానం కలిగించింది. కళ్ళద్దాలు పెట్టుకుని పెట్టె తెరిచాడు. ఇంకొకరి తుంటి ఎముకను కొంగున దాచుకుపోతున్న మనిషిని పట్టుకున్నట్టే ఊరందరికీ వినబడేలా అరిచాడు.

"ఆరు వేసుకోవలసిన కోడలుపిల్ల పదిహేను వేసుకుంటుందా? నాలుగో ఇంటి వయసెంత, నీ వయసెంత? రేపు నా ముప్పై కూడా ఎత్తుకుపోతావా?"

"అక్సకల్, ఆఫీసులో ముఖ్య నిపుణుడే పదిహేను అన్నాడు."

"కాగితం ఉందా?"

కాగితం లేదు. ఫ్యూజు జప్తయింది.

ఆ సాయంత్రం జిపార్ అత్తగారు కుమూషాయ్ రొట్టె ముక్కను టీలో ముంచుకుంటూ ఇదంతా విన్నది. ఆవిడకు పళ్ళు లేవు, మరపు లేదు. ఊళ్ళో ఆవిడకంటే పెద్దవాళ్ళంతా కొండపక్క శ్మశానంలో ఉన్నారు.

"ఏమే కెలిన్," అంది, కోడలిని ఆ ఊళ్ళో పిలిచే మాటతోనే, "ఆ మామసాలీ వయసు లెక్కలు తీస్తున్నాడా?"

"అవును అపా," అంది జిపార్, అత్తగారిని పిలిచే మాటతో.

"అయితే రేపు సభ పెట్టించు. నన్ను గాడిదమీద ఎక్కించు."

సభలో కుమూషాయ్ గాడిద దిగకుండానే మాట్లాడింది. "ఒరేయ్ మామసాలీ! ముక్కు చీదడం చేతకాక నా కొంగు పట్టుకు తిరిగినవాడివి నువ్వే కదరా? ఆ ప్యానెళ్ళు ఇకనుంచి నా పేరు మీద రాయి. రాసి, నా వయసు ఎంతైతే అంత ఫ్యూజు నా వరుసకు పెట్టు."

మామసాలీ ముఖం మాడిపోయింది. తను పెట్టిన ఆచారం తననే పట్టుకుంది. తన ముప్పై ఎప్పుడైనా తెగితే వేసుకుందామని విడిగా దాచుకున్న ముప్పై రెండును తీసి, రెండు చేతులతో కుమూషాయ్‌కి సమర్పించుకోవలసి వచ్చింది.

దారిలో జిపార్ గాడిద పక్కన నడుస్తూ నసిగింది. "అపా, ఇది మరీ పెద్దది. మన వరుస చెడితే ఇది తెగదు. మనకు కావలసింది పదిహేనే."

"నీకు ముందు కావలసింది నీళ్ళా, నిజమా?"

"నీళ్ళే అపా."

"మరి నోరు మూసుకుని గాడిదను తోలు."

నీళ్ళొచ్చాయి. అంటుమొక్కలు ముడిచిన ఆకులు విప్పాయి. జిపార్ వరకు కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ ఒరుక్‌తూలో గౌరవం అన్నది ఒకసారి కదిలితే మధ్యలో ఆగదు. ఒక ఆడమనిషి ఫ్యూజు తనదానికంటే పెద్దదైన మర్నాడే మామసాలీ బజారుకు పోయి నలభై తెచ్చుకున్నాడు. అది చూసి రెండో ఇల్లు మంచంలో ఉన్న మేనత్తను చూపించి ముప్పై ఐదు అడిగింది. మూడో ఇంట్లో పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. వాళ్ళు గోడమీది తాత ఫొటో తెచ్చి సభలో నిలబెట్టారు. చనిపోయినవాళ్ళకు ఫ్యూజు ఇవ్వకూడదని నిబంధనల్లో ఎక్కడుందో చూపించమన్నారు. ఎక్కడా లేదు. తాతకు యాభై ఇచ్చారు. పదిహేను వచ్చిన అవమానాన్ని మనసులో పెట్టుకున్న నాలుగో ఇల్లు ఏకంగా ముత్తాత పేరు నమోదు చేయించుకుంది (ఫొటో లేదు, ఆయన రోజుల్లో ఫొటోలు లేవు, కాబట్టి ఇంకా పెద్దవాడని తేలింది).

చివరికి బజారులో ఫ్యూజులు అయిపోయాయి. ఇంతకంటే పెద్దవి పట్నంలో కూడా ఉండవని కొట్టు ఆమె చేతులెత్తేసింది. అప్పుడు మామసాలీ ఇంటికి పోయి, తన తండ్రి గుర్రపు నాడాల కోసం దాచిన పెద్ద మేకు ఒకటి తెచ్చి, బూడిదతో తళతళలాడేలా తోమి, తన వరుసలో ఫ్యూజుకు బదులు అడ్డంగా బిగించాడు.

"ఇది తెగదు," అన్నాడు గర్వంగా.

జిపార్ భయంగా చూసింది. "తెగకపోతే అది ఫ్యూజెలా అవుతుంది అక్సకల్? తెగడమే కదా దాని పని?"

"తెగేవాళ్ళు తెగుతారు. మా వంశంలో ఎవరూ తెగలేదు."

సభ మేకును లేచి నిలబడి గౌరవించింది. ఒక చిన్న గొర్రెను కూడా కోశారు.

ఇంతలో ఖుబానీల కాలం వచ్చింది. ఆ కాలంలో ఒరుక్‌తూలో ఎండ తగిలే చదునైన చోటు ఏదీ ఖాళీగా ఉండదు. ఇంటికప్పుల మీద, చాపల మీద, పాత తలుపుల మీద, ఆగిన లారీ మీద కూడా పళ్ళు చీల్చి ఆరబెడతారు. మామసాలీ భార్యకు ప్యానెళ్ళు కనిపించాయి. నల్లగా, నున్నగా, పెనంలా వేడిగా ఉన్నాయి. పళ్ళు ఆరబెట్టడానికే ప్రభుత్వం వాటిని పంపించిందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆవిడ రెండు ప్యానెళ్ళ నిండా పళ్ళు పరిచింది. ఆ పళ్ళకోసం పక్కింటి మేకపోతు ఎక్కింది. ప్యానెల్ అంచున కొమ్ము గుచ్చుకుని, కిందినుంచి పోయే తీగలు రెండూ నలిగి ఒకదానికొకటి తగిలాయి.

ఆ తర్వాత ప్యానెళ్ళకు చీటీ అంటించినవాళ్ళు భయపడినట్టే జరిగింది. మిగతా ఐదిళ్ళ ఎండంతా ఒక్క క్షణంలో వెనక్కి తిరిగి మామసాలీ వరుసలోకి పారింది. ఊరంతా కలిసి ఒక్క ఇంటికి ఒకేసారి సాయం చెయ్యడం ఒరుక్‌తూ చరిత్రలో అదే మొదలు. పదిహేను ఉంటే ఆ సాయాన్ని టక్కున ఆపేసేది. మేకు ఆపలేదు. ఎర్రగా కాగింది, తలవంచకుండా నిలబడింది. దాని వెనక తీగలు కరిగాయి, రేకుపెట్టె అంటుకుంది, పక్కనున్న నాలుగిళ్ళ తీగలూ కాలిపోయాయి, ప్యానెళ్ళు రెండూ పగిలాయి, ఖుబానీలు మాత్రం ఆ కాలంలో అందరికంటే ముందుగా ఎండిపోయాయి. మేకపోతు దూకి పారిపోయింది. పంపు గుర్రుమని ఒక్కసారి మూలిగి ఆగిపోయింది.

అవి ఏడాది మొత్తంలో అతి భయంకరమైన ఎండలు. పెద్దల చెట్లు ఎలాగో తట్టుకుంటాయి, వాటికి రాతి అడుగున వేళ్ళున్నాయి. జిపార్ మొక్కలకు అవి ఇంకా దిగలేదు. ఆమె మసిబట్టిన పెట్టె ముందు నిలబడి కాసేపు ఏడ్చింది. ఏడ్చాక, కొంగుతో ముఖం తుడుచుకుని, తన వరుస తీగ పట్టుకుని చివరిదాకా చూసుకుంటూ పోయింది. అది ఎక్కడా కాలలేదు. ప్యానెళ్ళు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. తీగను పెట్టెలోంచి కోసి తీసి, తిన్నగా పంపుకు కలపబోయింది.

"ఆగు!" అన్నాడు మామసాలీ పరుగెత్తుకొచ్చి. ఆయన గడ్డానికి మసి అంటుకుని ఉంది. "పెట్టె లేకుండా, ఫ్యూజు లేకుండా కలుపుతావా? నీకేమన్నా పిచ్చా?"

"ఒక్క వరుసకు ఫ్యూజెందుకు అక్సకల్?" అంది జిపార్. "నా వరుస చెడిపోతే దాంట్లోకి పొయ్యడానికి మీరెవరు మిగిలారు?"

జిపార్ తీగ కలిపింది. పంపు చాలాసేపు ఆలోచించి, అయిష్టంగా కదిలింది. ఆరు వరుసల నీళ్ళు ఒక వరుస ఇవ్వలేదు కదా. గొట్టం చివర చిటికెనవేలంత ధార వచ్చింది. ఆ ధారను చూసి ఆమె గట్టిగా అరిచింది. సంతోషంతోనే.

మరుసటి పొద్దుకు ఆ ధార కింద ఊరు ఊరంతా బకెట్లతో చేరింది. అలవాటుకొద్దీ వయసు ప్రకారం నిలబడ్డారు. మామసాలీ ముందు, ఆయన వెనక రెండో ఇల్లు. జిపార్ గొట్టం మీద చెయ్యి వేసి అంది, "ఇక్కడ మనుషుల వయసు కాదు, మొక్కల వయసు. చిన్న మొక్కకు ముందు."

కుమూషాయ్ గాడిదమీదనుంచి చూస్తోంది. మామసాలీ బకెట్టు పట్టుకుని లైను చివరికి నడిచాడు. ఆయన తోట తాతల నాటిది, ఊళ్ళో అంతకంటే ముసలి తోట లేదు. ఆయన వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. జిపార్ ఆయన బకెట్టు నిండా పట్టి, రెండు చేతులతో అందించింది. ఆయన దాన్ని తీసుకుని, "బతికున్నాయా నీ మొక్కలు?" అని అడిగాడు. బతికే ఉన్నాయని చెప్పింది. "మంచిది," అని ఆయన మెల్లగా గుట్ట దిగాడు. ఆ ముసలాయనంటే ఆమెకు ఆ ఒక్కపూట కోపం రాలేదు.

కొన్నాళ్ళకు విచారణ సంఘం వచ్చింది. తాబల్దీ, మరో ఇద్దరు ముఖ్య నిపుణులు. ఆచారం ప్రకారం గొర్రెను కోశారు, అధికారి ఏ వయసువాడైనా అందరికంటే పెద్దే అన్న ఆచారం ప్రకారం తుంటి ఎముక తాబల్దీకి పడింది. భోజనం తర్వాత బూడిదను శ్రద్ధగా పరిశీలించి నివేదిక రాశారు. ప్యానెళ్ళు విఫలమయ్యాయి. తీగలు విఫలమయ్యాయి. రేకుపెట్టె విఫలమైంది. మొత్తం ఏర్పాటులో చివరిదాకా విధి నిర్వహణలో ఉండి, చెక్కుచెదరకుండా దొరికిన భాగం మేకు ఒక్కటే. కాబట్టి కొత్త పెట్టెలో అన్ని వరుసలకూ మేకులే వెయ్యాలి.

"అన్నా," అంది జిపార్ తాబల్దీని పక్కకు పిలిచి, "పదిహేను అని చెప్పింది మీరే కదా?"

"చెప్పాను. ఇప్పుడూ అదే నిజం," అన్నాడు తాబల్దీ, పళ్ళ సందున మాంసం తీసుకుంటూ. "కానీ ఇది నివేదిక చెల్లెమ్మా."

ఫ్యూజు లేకుండా, అనుమతి లేకుండా నీళ్ళు తోడుతున్న జిపార్ తీగను తక్షణం తొలగించాలని కూడా నివేదికలో ఉంది. ఆ ఉత్తర్వు మొదటి కిటికీనుంచి బయలుదేరి రెండో కిటికీలోకి పారింది. అందువల్ల ధార ఇప్పటికీ వస్తోంది, అంటుమొక్కలు మోకాలెత్తు దాటాయి.

మేకులను మాత్రం ఊళ్ళోనే పంచుకోవచ్చన్నారు. మామసాలీ సభ పిలిచాడు. ఇప్పుడు కుమూషాయ్ అందరికంటే పెద్దది కాబట్టి ఆ వరుసకే పెద్ద మేకు రావాలి. కానీ ప్యానెళ్ళు ఆవిడ పేరు మీదికి మార్చిన అర్జీ రెండో కిటికీ దాటలేదనీ, కాగితాల ప్రకారం అవి ఇంకా కోడలివేననీ తేలింది. కాబట్టి పెద్దది మామసాలీకి, తర్వాతిది రెండో ఇంటికి, అలా దిగుతూ దిగుతూ వచ్చి, జిపార్‌కు గుండుసూది మంజూరైంది.